అద్దానికి కట్టిన తువ్వాలు

ఓడ సరుకు తోలే ఏజెన్సీ లారీల్లో కొత్తగా చేరిన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీలో సగం మందికి తెలుగు మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదని నాకు తెలుసు. చదవడం వచ్చినవాడు లైన్లో నిలబడ్డప్పుడు మిగతావాళ్లకు చదివి వినిపించండి. లైన్లో నిలబడే టైముకు మీకు ఏనాడూ లోటు రాదు. దానికి నాది గ్యారంటీ.

నేను చదివింది ఆరో తరగతి. అదీ మాస్టారు నన్ను ఇంకో ఏడాది భరించలేక పాస్ చేసింది. మా నాన్న సోంపేట ఒడ్డు నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చిన జాలరి. బడి మానేశానని నన్ను పడవెక్కించాడు. పడవ రేవు దాటకముందే పొద్దున తిన్న చద్దన్నమంతా చేపలకు పెట్టేశాను. రెండోరోజూ అంతే, మూడోరోజూ అంతే. ఆ సాయంత్రం మా నాన్న మా అమ్మతో అన్న మాట ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుంటారు: "ఈడు వేటకి పనికిరాడే. ఎరకి పనికొస్తాడు."

ఆ ఎర ముప్పై ఏళ్లకు పైగా స్టీరింగు పట్టుకుంది. మొదట చాతం రంపపు మిల్లుకు దుంగలు తోలాను. తర్వాత ఏజెన్సీ లారీలు. ప్రమోషన్ల సంగతి అడక్కండి. లారీ డ్రైవరుకు ప్రమోషన్ అంటే కొత్త సీటు కవరు.

ఎనిమిది గంటల మాట

చేరేటప్పుడు మీకు ఎనిమిది గంటల డ్యూటీ అని చెప్తారు. చెప్పినవాడు అబద్ధం చెప్పలేదు. కాగితం మీద అలాగే ఉంటుంది. కాకపోతే మన దీవుల్లో డ్యూటీ గడియారానిది కాదు, ఓడది. బియ్యం, సిమెంటు, ఉల్లిపాయలు, ఆఖరికి పెళ్లికి కావలసిన పసుపు కూడా ఓడలోనే రావాలి. ఓడ వచ్చి రేవులో వార్ఫు గట్టుకు కట్టిందంటే, బయట సముద్రంలో ఇంకో ఓడ ఆ చోటు కోసం కాచుకుని ఉంటుంది. మొదటిది ఖాళీ అయ్యేదాకా క్రేను ఆగదు. క్రేను ఆగకపోతే లారీ ఆగదు. లారీ ఆగకపోతే మీరెక్కడ ఆగుతారు?

"రెండో డ్రైవరు ఏడి సార్?" అని నేను చేరిన మొదటి ఓడకే అడిగాను.

"వస్తున్నాడయ్యా," అన్నారు ఆనాటి సూపర్‌వైజరు.

నేను రిటైరయ్యాను. ఆ రెండో డ్రైవరు ఇంకా వస్తూనే ఉన్నాడు. మీకు ఎక్కడైనా కనబడితే నేను అడిగానని చెప్పండి.

నిద్ర గురించి ఒక్క మాట. నిద్ర రాత్రిపూట వస్తుందని అందరూ అనుకుంటారు. రాత్రి డ్రైవరు భయపడతాడు కాబట్టి కళ్లు తెరుచుకునే ఉంటాయి. డ్రైవర్లను తీసుకుపోయే నిద్ర పట్టపగలు వస్తుంది. అన్నం తిన్నాక, రెండు, మూడు గంటల మధ్య, రోడ్డు తెల్లగా మెరుస్తున్నప్పుడు వస్తుంది. అది వచ్చినట్టు తెలియదు. కళ్లు మూసుకున్నానని ఎవడూ అనుకోడు. రెప్ప వేశాననే అనుకుంటాడు.

నా సంగతే చెప్తాను. అప్పట్లో మేం చాతం రేవుకు ఎదుటి ఒడ్డున బంబూఫ్లాట్‌లో ఉండేవాళ్లం. మూడు రోజుల ఓడ ముగించుకుని, చాతం దగ్గర ఫెర్రీ ఎక్కి, బల్ల మీద కూర్చుని రెప్ప వేశాను. టికెట్లు చూసే ఆయన భుజం పట్టి కుదిపాడు.

"క్యా భయ్యా, ఘర్ నహీ హై? తీన్ చక్కర్ హో గయా!"

ఇల్లు లేదా, మూడు చక్కర్లు అయ్యాయి అన్నాడు. అంటే అటు మూడుసార్లు, ఇటు మూడుసార్లు నేను సముద్రం దాటాను. ఏ ఒడ్డూ దిగలేదు. ఇది చెప్పి వార్ఫు లైన్లో నేను ఎన్నోసార్లు నవ్వించాను. ఆ బల్లకు స్టీరింగు లేదు కాబట్టి అది నవ్వులాటైంది. అంతే తేడా.

బుధువా దాదా నేర్పింది

మా లైనుకు పెద్ద బుధువా దాదా. రాంచీ వైపు నుంచి కూలీలుగా వచ్చినవాళ్ల బిడ్డ. అరిచి మాట్లాడింది నేనెప్పుడూ వినలేదు. ఆయన నుంచి మా అందరికీ ఒక పద్ధతి అబ్బింది. ఏ ఏజెన్సీ కాగితంలోనూ అది ఉండదు.

కళ్లు ఇక ఆగవని తెలిసినప్పుడు డ్రైవరు లారీని లైను పక్కకు తీసి, హ్యాండ్ బ్రేకు వేసి, తన వైపు అద్దానికి తువ్వాలు కడతాడు. కట్టి పడుకుంటాడు. వెనకున్న లారీ చుట్టూ తిరిగి ముందుకెళ్లి ఆ లోడు ఎత్తుకుంటుంది. గంటకో, గంటన్నరకో వాడు లేచి తువ్వాలు తీసేస్తాడు. లైను ముందువైపు ఒక లారీ పట్టేంత సందు వాడి కోసం తెరుచుకుంటుంది. సూపర్‌వైజరు అడిగితే ఎవరు దగ్గరుంటే వాడు చెప్తాడు, "రేడియేటరు వేడెక్కింది సార్" అని. అంతే.

కానీ అసలు పద్ధతి తువ్వాలు కాదు. తువ్వాలు చూసినవాడు మాట్లాడకపోవడం. "పడుకున్నావా" అనకూడదు. "లేచావా" అనకూడదు. వాడివైపు చూసి చిన్న నవ్వు కూడా నవ్వకూడదు.

"గమ్ఛా దేఖా తో ముహ్ బంద్," అన్నాడు బుధువా దాదా నాతో, నేను చేరిన కొత్తలో. తువ్వాలు కనబడితే నోరు మూసుకోవాలని. ఎందుకని అడిగాను. నా నోటికి మూత పడటం అంత తేలిక కాదని ఆయనకు అప్పటికే తెలుసు. అందుకే ఆ ఒక్కసారి విడమర్చి చెప్పాడు. అడిగితే వాడు జవాబు చెప్పుకోవాలి. చెప్పుకోవాలంటే సిగ్గు. ఒకసారి సిగ్గుపడ్డవాడు రెండోసారి కట్టడు. కట్టనివాడు ఇంటికి చేరడు.

నేను కట్టిన మొదటిసారి నాకు బాగా గుర్తు. లేచేసరికి ఎండ కిటికీలోంచి నేరుగా పడుతోంది, కానీ నా మొహం మీద లేదు. ఎవరో అట్టముక్క ఒకటి మడిచి అద్దం సందులో గుచ్చి వెళ్లారు. ఎవరో ఇప్పటికీ తెలియదు. అడగకూడదు కదా.

మా బావ

బుధువా దాదా పని మానేసి బారాటాంగ్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోయాక లోకనాథం వచ్చాడు. ఇచ్ఛాపురం దగ్గరి వాడు. సముద్రానికి అవతల, మా ఒడ్డున ట్రాక్టరు, లారీ తోలిన అనుభవం ఉంది. ఏజెన్సీవాళ్లు మాట్లాడి తెచ్చుకున్నారు. భార్య దాలమ్మను వెంటబెట్టుకుని వచ్చి లంబాలైన్‌లో ఒక గది తీసుకున్నాడు.

మొదటిరోజే ఇంటిపేర్లు అడుక్కున్నాం. మనవాళ్లకు అది లేకుండా టీ గొంతు దిగదు. దాలమ్మ పుట్టింటి పేరూ నా ఇంటిపేరూ ఒకటే. ఇంకేం? ఆమె నాకు చెల్లెలు, లోకనాథం నాకు బావ. సముద్రం మధ్యలో చుట్టరికం దొరికిందని వాడు మురిసిపోయాడు. నేనూ మురిశాను, వేరే కారణానికి. చెల్లెలి మొగుణ్ని వేళాకోళం చేసే హక్కు ఏ కోర్టూ కొట్టెయ్యలేనిది.

మనిషి మంచివాడు. నిద్ర మాత్రం ఎక్కువ. "పడవలో తొంగున్నాను, ట్రాక్టరు మీద తొంగున్నాను, నా పెళ్లి పీటల మీద కూడా కునుకు తీసినాను బావా. అడుగు మీ చెల్లెల్ని," అనేవాడు.

తువ్వాలు పద్ధతి వాడికి చెప్పింది నేనే. విని కాసేపు నమ్మలేదు.

"నిజిమేనా? ఎవుడూ ఏటీ అనడా?"

"ఎవుడూ అనడు బావా."

"ఓలబ్బా! ఒడ్డున అయితే చెప్పుచ్చుకుని లేపుతారు."

మొదటి ఓడకు కట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు. రెండో ఓడకూ కట్టాడు. మూడోది సిమెంటు ఓడ. అప్పుడు జరిగింది రాయడానికే ఈ కాగితాలు కొన్నాను.

రెండోరోజు ఉదయం పదిగంటలు. ఓడలో సరుకు గది మూత ఒకటి ఇరుక్కుపోయి పని ఆగింది. అందరూ చిరాకుగా ఉన్నారు. ఎవరితో ఎవరికీ మాటల్లేవు. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు సారు లైను వెంట నడుచుకుంటూ వచ్చి, పక్కన నిలిపిన లారీని, అద్దానికి కట్టిన ఆకుపచ్చ అంచు తువ్వాలును చూశారు.

"ఈ బండి ఎందుకు ఆగింది?"

దగ్గరున్నవాణ్ని నేను. నోట్లో 'రేడియేటరు' సిద్ధంగానే ఉంది. కానీ పదిమంది మొహాలు మాడిపోయి నావైపే చూస్తున్నాయి. ఒక్క మాటతో వాళ్లను నవ్వించగలనని నాకు తెలుసు. దాహం వేసినవాడి ముందు గ్లాసు పెట్టినట్టే.

"పెళ్లికూతురండి సార్," అన్నాను. "ముసుగేసుకుంది. ముహూర్తం దాకా మొహం సూపించదంట."

లైనంతా గొల్లుమంది. సూపర్‌వైజరు సారు కూడా నవ్వారు. ఆ నవ్వులకు లోకనాథం ఉలిక్కిపడి లేచి, కిటికీలోంచి తల బయటపెట్టాడు. జుట్టు రేగిపోయి ఉంది.

"ఏటి బావా," అన్నాను, "తలంబ్రాలు తెమ్మంటావా?"

మళ్లీ నవ్వారు. వాడూ నవ్వాడు. నవ్వుతూనే చెయ్యి బయటపెట్టి తువ్వాలు ముడి విప్పాడు. ముడి గట్టిగా పడి కాసేపు రాలేదు. అది చూసి ఇంకా నవ్వారు. బండి స్టార్టు చేసి లైన్లోకి వచ్చాడు.

ఆ రోజు నుంచి వాడి పేరు దుల్హన్, హిందీలో పెళ్లికూతురు. "దుల్హన్ కహా హై?" అని సూపర్‌వైజరు సారు కూడా పిలిచేవారు, ప్రేమగానే.

ఆ తర్వాత మా వార్ఫులో ఎవరూ తువ్వాలు కట్టలేదు. వాడొక్కడే కాదు, ఎవరూ. అది నేను అప్పుడు గమనించలేదు. నవ్వించేవాడు నవ్వుతున్నారా లేదా అన్నదే చూస్తాడు. ఇంకేం ఆగిపోయిందో చూడడు.

ఆ మధ్యాహ్నం

ఇంకో రెండు ఓడలు గడిచాయి. మూడోదీ సిమెంటే. ఓడ కట్టి మూడోరోజు. అన్నాలు తిని మళ్లీ లైన్లోకి వచ్చాం. లోకనాథం బండి లోడై, గేటు దగ్గర కాగితం కోసం ఆగింది. వాడి వెనక ఒక లారీ, దాని వెనక నేను.

వాడు సీసాడు నీళ్లు తువ్వాలు మీద ఒంపుకుని మొహం రుద్దుకుంటున్నాడు. వాడి బండి అద్దంలో కనబడుతోంది. నేను కిటికీలోంచి అరిచాను.

"ఏటి దుల్హన్! మంగళస్నానమా?"

వాడు వెనక్కి చూడలేదు. చెయ్యి పైకెత్తి ఊపాడు. గేటు తెరిచారు. వెళ్లిపోయాడు.

గోడౌను లంబాలైన్ దాటాక ఉండేది. మధ్యలో ఒక వాలు దిగి రోడ్డు ఎడమకు తిరుగుతుంది. కొన్ని వందలసార్లు తిరిగిన మలుపు. లోకనాథం బండి తిరగలేదు. రోడ్డు ఎటు పోయినా తనకు సంబంధం లేనట్టు నేరుగా వెళ్లి, పోకచెట్లు విరుచుకుంటూ కింద వాగు పారే గెడ్డలోకి దిగింది. వెనకున్న బస్తాలన్నీ ముందుకొచ్చాయి.

నేను బండి ఆపి దిగినప్పుడు మొదట చూసింది రోడ్డును. డ్రైవరు కళ్లు ముందు రోడ్డునే చూస్తాయి. టైర్ల నల్లటి గీత ఎక్కడా లేదు. బ్రేకు తొక్కినవాడి గీత ఒకలా ఉంటుంది, భయపడి స్టీరింగు తిప్పినవాడి గీత ఇంకోలా ఉంటుంది. అక్కడ రోడ్డు శుభ్రంగా ఉంది. ఆ శుభ్రం చూశాకే, వాడు నిద్రలోనే వెళ్లాడని తెలిసి గెడ్డలోకి దిగాను.

బస్తాలు తీసి వాణ్ని బయటికి తెచ్చేసరికి చాలాసేపు పట్టింది. తువ్వాలు మెడచుట్టూ ఉంది. ఒళ్లంతా సిమెంటు దుమ్ము. తువ్వాలు తడిసిన చోట మాత్రం సిమెంటు ముద్ద కట్టింది.

ఆస్పత్రి వరండాలో సూపర్‌వైజరు సారు గోడకు ఆనుకుని కూర్చున్నారు. నాలుగు మాటలు అనాలని దగ్గరికి వెళ్లాను. కూర్చున్నచోటే నిద్రపోతున్నారు. ఆయనకీ అది మూడోరోజు. ఏమీ అనకుండా వచ్చేశాను. ఈ పనిలో చెడ్డవాడి కోసం ఎంత వెతికినా చాలాసార్లు నిద్రలేనివాడే దొరుకుతాడు. నిద్ర లేకుండా పని జరగాలని నిర్ణయించేవాడు వార్ఫుకు రాడు.

తర్వాత విచారణకు పిలిచారు.

"నిద్ర వస్తోందని అతను ఎవరితోనైనా అన్నాడా?"

"లేదు సార్," అన్నాను.

అక్షరాలా నిజం. నా జన్మలో చెప్పిన అబద్ధాలన్నీ ఒక పక్క, ఆ నిజం ఒక పక్క.

దాలమ్మ అడిగిన మాట

పదోరోజు కార్యం అయ్యాక, వచ్చినవాళ్లు వెళ్లిపోయాక, దాలమ్మ నన్ను ఆగమంది. గది గుమ్మంలో కూర్చుంది. ఏడుపు అయిపోయిన గొంతుతో అడిగింది.

"అన్నియ్యా, మీకాడ తువ్వాలు కట్టే పద్ధతుందంట గదా. వొచ్చిన కొత్తలో సెప్పినాడు నాకు. 'ఇక్కడి డ్రైవర్లు దేవుళ్లే, కట్టుకుని తొంగుంటే ఒక్కుడూ ఏటనీ అడగడు' అని. మరి ఆ రోజు ఎందుకు కట్టనేదు?"

నా నోరు ఎప్పుడూ ఆగనిది. ఆ రోజు కూడా ఆగలేదు.

"మర్సిపోనాడేమోనమ్మా."

ఆమె నావైపు చూసింది. "సరే అన్నియ్యా," అంది. లేచి లోపలికి వెళ్లింది.

దాలమ్మ ఒడ్డుకు తిరిగి వెళ్లలేదు. బజారులో చేపల గంప పెట్టింది. మా ఇల్లు షాదీపూర్‌కు మారాక కూడా చేపలు ఆమె దగ్గరే కొనేవాళ్లం. ఏళ్లు గడిచాయి. "బాగున్నావా అన్నియ్యా," "బాగున్నానమ్మా." నేను జోకు వేస్తే నవ్వేది. పక్క గంపలవాళ్లు "దీదీ, మీ అన్నయ్య వచ్చాడు, ఇక బేరం లేదు," అనేవారు.

రిటైరైన వారానికి ఆమె దగ్గరికి వెళ్లాను. మధ్యాహ్నం, బజారు పలచబడ్డాక వెళ్లాను. ఆమె వంజరం చేప పొలుసు తీస్తోంది. గంప ముందు గొంతుక్కూర్చుని మొత్తం చెప్పాను. పెళ్లికూతురు, ముసుగు, తలంబ్రాలు, దుల్హన్, మంగళస్నానం. ఒక్కటీ దాచలేదు. చెప్తున్నంతసేపూ ఆమె కత్తి ఆగలేదు.

"తెలుసు అన్నియ్యా," అంది.

నాకు అర్థం కాలేదు.

"ఆ ఓడయ్యాక ఇంటికొచ్చి సెప్పినాడు. నవ్వుకుంటానే సెప్పినాడు. 'మీ అన్న నన్ను పెళ్లికూతుర్ని సేసీసినాడే' అన్నాడు. అన్నం తిన్నాక మళ్లా అన్నాడు, 'ఇంకెప్పుడూ కట్టను దాలీ, అందురూ నవ్వినారు' అని."

"మరి నువ్వు... పదోరోజు నన్ను అడిగావు కదమ్మా?"

"తెలవక అడగనేదు. నువ్వు సెప్తావేమోనని అడిగినాను."

కత్తి పక్కన పెట్టింది. నీళ్లు పోసుకుని చేతులు కడుక్కుంది.

"అప్పుడు సెప్పుంటే ఇద్దరం కూకుని ఏడిసేవోళ్లం. ఇన్నేళ్లూ నానొక్కద్దాన్నే మోసినాను, నువ్వొక్కడివే మోసినావు. ఇప్పుడు నాకు సెప్పి ఏటి లాభం? ఆ లైన్లో కొత్తోళ్లు నిలబడుంటారు గదా. ఆళ్లకి సెప్పు."

నేను లేస్తుంటే చేప చుట్టి చేతిలో పెట్టింది. వద్దన్నాను. "పట్టుకెళ్లు. వొదినకి ఇయ్యి," అంది.

వార్ఫు గేటు దగ్గర

మర్నాడు ఓడ ఉంది. వెళ్లాను. లైన్లో పదిహేను లారీలు. సగానికి సగం ఈ మధ్య చేరిన కొత్త మొహాలే. టీ కొట్టు దగ్గర నిలబడ్డ కుర్రాళ్లను పిలిచి తువ్వాలు పద్ధతి చెప్పాను. ఎలా నిలపాలి, ఎక్కడ కట్టాలి, వెనకవాడు ఎలా చుట్టి వెళ్లాలి, సూపర్‌వైజరు అడిగితే ఏం చెప్పాలి. చూసినవాడు నోరు మూసుకోవాలని రెండుసార్లు చెప్పాను.

వాళ్లలో సన్నగా, చురుగ్గా ఉన్నవాడు ఒకడు మిగతావాళ్ల వైపు కన్ను గీటాడు.

"దాదా, తువ్వాలొక్కటేనా? లుంగీ కూడా ఆరేసుకోవచ్చా? క్లిప్పులు మీరే ఇస్తారా?"

అందరూ పగలబడి నవ్వారు. మంచి జోకు. ఆ వయసులో నేనైతే ఇంకా ముందే వేసేవాణ్ని.

వాణ్ని తిట్టలేదు. నవ్వు మొత్తం ఆగేదాకా అక్కడే నిలబడ్డాను. ఆగాక, "లోకనాథం అని మా బావ ఒకడు ఉండేవాడు," అని మొదలుపెట్టాను.